ఇంటికి చేర్చే సీటు

“కోపైలట్ ఇంకా రాలేదు సార్,” అంది గేటు దగ్గరి అమ్మాయి మూడోసారి.

కెప్టెన్‌కి ఒళ్లు మండింది. “రాలేదంటే? విమానం నడిపేవాడికి విమానాశ్రయం దారి తెలీదా?”

ఆయన ఉద్యోగం ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో. మధ్యలో ఇక్కడ విమానం మారాలి. డ్యూటీకి వెళ్లడమైనా, ఇంటికి రావడమైనా పైలట్ల తిప్పలు పైలట్లవే. ఏ విమానంలో సీటు మిగిలితే అందులో ఎక్కాలి, మిగలకపోతే చేతులు కట్టుకుని నిలబడాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. రెండు వందల మందిని మోసుకుపోయే మనిషి, తనొక్కడు ఇల్లు చేరడానికి ఇలా దేబిరించాలా అని ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

ఫోన్ మోగింది. కూతురు.

“నాన్నా, బయల్దేరావా? అయిదింటికే నా నాటకం.”

“ఇదిగో, ఎక్కేస్తున్నానమ్మా బుజ్జీ.”

“పోయిన మూడుసార్లూ ఇలాగే అన్నావు. నీ కుర్చీలో మళ్లీ నా బ్యాగే కూర్చోవాలా?”

ఈసారి మాత్రం ఆయన చేతనైనంతా చేశాడు. తెల్లారగానే పరిగెత్తి, ఈ ఊరికి వచ్చే విమానంలో మిగిలిన ఒకే ఒక్క సీటు పట్టాడు. అక్కడి గుమస్తా జాబితా చూసి, “సర్వీసులో మీరే పెద్ద, ఎక్కండి” అన్నాడు. వెనకనుంచి ఎవరో “సార్, ఒక్క మాట” అన్నా ఆయన తిరిగి చూడలేదు. పందొమ్మిదో వరుస, టాయిలెట్ పక్కనే. తలుపు తీసినప్పుడల్లా గుప్పుమని కంపు. పక్కాయన చెమట మేజోళ్లు విప్పి ముందు సీటుకి ఆరేశాడు. ముక్కు మూసుకుని రెండు గంటలు భరించాడు.

“సారీ సార్, విమానం రద్దు చేశారు,” అంది గేటు అమ్మాయి. “వేరే కోపైలట్ దొరకలేదు. ఇక రేపే.”

వెనక ప్రయాణికులు గొల్లుమన్నారు. ఒకావిడ కెప్టెన్ యూనిఫాం వైపు చూసి, “వీళ్లకి జీతాలు దండగ!” అని మొహం చిట్లించింది. ఎవడో వెలగబెట్టిన నిర్వాకానికి తను మాటలు పడాలి. ఆయనకు అసహ్యంతో నోరు చేదెక్కింది.

“ఫిర్యాదు ఫారం ఇవ్వమ్మా.”

పెన్ను కాగితంలో దిగబడేలా రాశాడు: ‘ఒక్కరి నిర్లక్ష్యం ఇంతమంది ఉసురు పోసుకుంది. ఇలాంటివారిని ఆరు నెలలపాటు మిగులు సీట్లలో ఎక్కనివ్వకండి. ఇల్లు చేరలేకపోవడం ఎలా ఉంటుందో తెలిసొస్తుంది.’

“ఎవరి మీద సార్?”

“దీనికి ఎవరు కారణమైతే వాళ్ల మీద. కనుక్కుని నువ్వే రాయి.”

ఆ అమ్మాయి ఫోన్ చేసింది. చాలాసేపు వింది.

“కోపైలట్ తప్పు కాదట సార్. పాపం, కొత్తగా చేరిన పిల్ల. డ్యూటీకి ఇక్కడికి రావడానికని పొద్దున్నే వాళ్ల ఊళ్లో గేటు దగ్గరికొచ్చి నిలబడిందట. ఉన్న ఒక్క సీటూ ఇంకొకరు పట్టేశారట.”

“డ్యూటీకెళ్లే పిల్లని ఆపి ఎక్కేశారా? సిగ్గులేని మనుషులు! ఆ పేరే రాయి.”

“పేరు తెలీదట సార్. సీటు పందొమ్మిదో వరుసలోదట.”