కిరాయి తోట

"ఒక్క పూట నీ తోట మాదనుకో ముత్యమ్మా. సాయంత్రం మళ్లీ నీదే," అన్నాడు చంద్రకాంత్.

గడ్డపోతారంలో ఓ మందుల ఫ్యాక్టరీకి మేనేజరు అతను. ఫ్యాక్టరీ స్థలంలో మూడో వంతు చెట్లుండాలి. ఉన్నవి కుండీల్లో నాలుగు క్రోటన్లు. చెట్లు పెంచాల్సిన చోట గోడౌను లేచింది. తనిఖీకి కాలుష్య నియంత్రణ మండలి అధికారి పదకొండింటికి వస్తోంది. గోడ అవతల ముత్యమ్మ రెండెకరాల్లో మాత్రం మలబార్ వేపలు వరుసలు కట్టి నిలబడ్డాయి. వరుసల మధ్య కంది ఏపుగా ఉంది.

"తోట ఇస్త. ఆ పైపు బంద్ చేస్తరా సార్?"

తోట చివర, గోడ కింద నుంచి పొడుచుకొచ్చిన పైపు అది. వాన పడిందంటే చాలు, వరదలో కలిసిపోతాయన్న ధీమాతో ఎవరో అందులోంచి నల్లనీళ్లు వదులుతారు. ఆ మూల ముత్యమ్మ మూడుసార్లు మొక్కలు నాటింది. మూడుసార్లూ మాడిపోయాయి. ఈసారి ఆ మూల నుంచి నాలుగో వరుసలో చెట్లు కూడా పసుపు తిరుగుతున్నాయి. ఇలాగే ఇంకో వానాకాలం గడిస్తే తోటే ఉండదు.

"ఆ పైపు మాది కాదని ఎన్నిసార్లు చెప్పాలె? మాది కానిదాన్ని ఎట్ల మూస్తం?"

"గోడ మీదే గద."

"గోడ మాదే. పైపు మాది కాదు."

"మరి గోడల నుంచి మొలిసిందా?"

"నన్ను పరేషాన్ చేయకు. కొత్త మొక్కలు వంద ఇప్పిస్త. జల్దీ చెప్పు."

ముత్యమ్మ పైపు వైపు చూసింది. అతని వైపు చూసింది.

"సరే తియ్యి."

గంటలో గోడకు గేటంత కంత పడింది. తోటలో కంపెనీ బోర్డు లేచింది. ముత్యమ్మకు కంపెనీ పేరున్న నారింజ రంగు కోటు తొడిగారు.

"మేడం అడిగితే నీళ్లు పెడుత అను. ఇంకో ముక్క మాట్లాడకు."

"నా తోటల నేనే కూలిదాన్నా?"

"ఒక్క పూటే."

"టిఫిన్ గిట్ల ఉంటదా మరి?"

అధికారి నిషిత వచ్చింది. వంగి పిడికెడు మట్టి తీసింది. మెత్తగా విడిపోయింది, అందులో వానపాము మెలికలు తిరిగింది.

"చుట్టుపక్కలంతా ఉప్పు తేలి గడ్డి కూడా మొలవడం లేదు. ఇక్కడెలా బాగుచేశారు?"

పొద్దున ముత్యమ్మ దగ్గర విన్నదంతా చంద్రకాంత్ ఒప్పజెప్పాడు. "రాలిన ఆకును నేలకే వదిలేశాం మేడం. కంది వేర్లు భూమికి సత్తువిచ్చాయి. నాలుగేళ్ల కష్టం. వానపాములు కూడా మా స్టాఫే అనుకోండి."

ముత్యమ్మ దగ్గింది.

"భూమి కంపెనీదేనా?"

"మాదే మేడం. ఆ చివరి గట్టు దాకా."

"పనివాళ్లు?"

"మావాళ్లే. ఈమె మొదటి నుంచీ మా దగ్గరే. అబద్ధం చెప్పడం కూడా రాదు పాపం."

నిషిత అన్నీ రాసుకుని సంతకం పెట్టమంది. పెట్టాడు. అడగకుండానే కంపెనీ ముద్ర కూడా వేశాడు. అప్పుడామె ముత్యమ్మ వైపు తిరిగింది.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"నీళ్లు పెడుత మేడం."

చంద్రకాంత్ హాయిగా నవ్వాడు.

"ఎక్కడి నీళ్లు? బోరు కనబడలేదే."

"మన కంపెనీ నీళ్లే మేడం. వాన పడంగనే సార్ లోపల నుంచి నల్లగ ఇడుస్తడు, ఈడ మొక్కలు సస్తయి. పైపు ఆ మూలకున్నది, జెర ముక్కు మూసుకొని రాండ్రి."