పేరు చెప్పని వాది

ప్లమ్‌ఫోర్డ్ ఊరి ఈతకొలనుకి ఆ వేసవి నుంచి తాళం వేయక తప్పదని తేలింది.

తేల్చింది లెక్కలు. ఊరికి చెప్పాల్సింది మాత్రం కౌన్సిలర్ మైలో కుబిచెక్. ఆ లెక్కలకు మూలమైన చట్టం రాసింది కూడా అతనే కాబట్టి ఎవరూ జాలిపడలేదు.

చట్టం చిన్నదే. ఊళ్లో ఇల్లు అద్దెకు కావాలంటే ఎవరైనా పోలీసు స్టేషన్‌కి వెళ్లి, ఐదు డాలర్లు కట్టి, తాము ఎక్కడివాళ్లో రాసిచ్చి అనుమతి కాగితం తెచ్చుకోవాలి. సరైన కాగితాలు లేని పరదేశులకు ఇల్లిస్తే యజమానికి జరిమానా. మాంసం ఫ్యాక్టరీలో పనికోసం సరిహద్దు దాటి వచ్చేవాళ్లు ఎక్కువైపోయారని మైలో బెంగ.

"ఐదు డాలర్లతో పోయేదానికి ఇంత గోలేమిటి?" అన్నాడు ఆ రోజు సభలో.

ఐదు డాలర్లతో పోలేదు. ఊరివాసి ఒకరు, తన పేరు బయటపెట్టకూడదని కోర్టు అనుమతి తీసుకుని మరీ దావా వేశారు. అది మూడేళ్లు నడిచింది. ఊరి లాయర్లకే మూడు లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. బీమా కంపెనీ మాకు సంబంధం లేదంది. ఇంటి పన్ను పెరిగింది. ఇంతా చేసి ఊరు ఓడిపోయింది. పైగా గెలిచినవాళ్ల లాయర్ల ఖర్చు కూడా ఓడినవాళ్లే ఇచ్చుకోవాలట. అది ఇంకో నాలుగు లక్షలు, అవి కట్టాలంటే కొలను నడిపే డబ్బు మిగలదు.

దావా వేసిన ఆ పేరులేని మనిషి ఎవరన్నది ఊరికి పెద్ద కాలక్షేపమైంది. కాఫీ హోటల్లో పొద్దున్నే పందేలు నడిచేవి.

"వెర్లిన్‌గాడే. ఇరవై ట్రెయిలర్ ఇళ్లు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాడు."

"వాడా? కాఫీకి టిప్పు పెట్టనివాడు లాయర్ని పెడతాడా?"

"అయితే కొత్త పాస్టరు."

"ఆయనకి ప్రసంగం రాసుకోవడమే రాదు, దావా ఎక్కడ రాస్తాడు?"

మైలో మాత్రం నవ్వేవాడు కాదు. ఆదివారం భోజనానికి తల్లి లిబ్బీ దగ్గరికి వెళ్లినప్పుడల్లా అదే పాట.

"వాడు నా చేతికి చిక్కాలమ్మా!"

"చిక్కితే ఏం చేస్తావురా?"

"నడిబజార్లో నిలబెట్టి కడిగేస్తాను. ఊరిని ముంచేశాడు!"

"ఏమోరా. మీ ముత్తాత బొహీమియా నుంచి వచ్చి ఈ ఊళ్లో దిగినప్పుడు ఆయన్ని ఏ కాగితం అడిగారట? ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా రాదాయనకి."

"అది వేరమ్మా."

"వేరే. అప్పటికి నువ్వింకా కౌన్సిల్లో లేవు."

"ఇంతకీ నువ్వు నా వైపా, వాడి వైపా?"

"నేను కొలాచెల వైపు. ఇంకోటి తిను," అంటూ ఆల్‌బుకరా గుజ్జు పెట్టి కాల్చిన వేడి కొలాచె బన్ను కొడుకు పళ్లెంలో పడేసింది లిబ్బీ.

అంతలో మెట్లమీద దడదడమని చప్పుడైంది. మేడమీద అద్దెకుండే ఇర్మా ఇద్దరు కూతుళ్లు దిగివచ్చారు. ఇర్మా ఫ్యాక్టరీలో కత్తి పట్టే మనిషి. కోర్టు చట్టాన్ని ఆపబట్టి ఆమె ఇల్లు ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు.

చిన్నది రెండు చేతుల్లోనూ చెరో కొలాచె తీసుకుని మైలోని అడిగింది.

"కొలను ఎప్పుడు తెరుస్తారు మామయ్యా? నాకు ఈసారి తేలడం వచ్చేస్తుంది."

మైలోకి పొలమారింది. అతను ఈత నేర్చుకున్నది కూడా ఆ కొలనులోనే. దాన్ని మూసేసే తీర్మానం మీద ఇప్పుడు తనే సంతకం పెట్టాలి. లిబ్బీ కొడుకు వీపు మీద రెండు చరిచి మంచినీళ్లిచ్చింది.

మర్నాడు మైలో ఒమాహా వెళ్లాడు. కాళ్లు పట్టుకునైనా గడువు అడుగుదామని, గెలిచిన లాయరు డెలానీ గారి ఆఫీసులో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"నాలుగు లక్షల్లో మూడు వదిలేస్తున్నాం," అందావిడ.

మైలో తను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు.

"నిజమేనండీ. మా క్లయింటు నెల్లాళ్లుగా రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తున్నారు. మిగతా లక్ష ఐదేళ్లలో కట్టండి. ఒకటే షరతు."

"ఏమిటండీ?"

"ఈతకొలను మూయకూడదు. ఎవరి పిల్లలని అడక్కుండా అందరినీ రానివ్వాలి."

"ఆ దొంగ... అదే, ఆ పెద్దమనిషికి మా కొలనుతో ఏం పని?"

"నేనూ అదే అడిగాను. అది నా ఊరు కూడా కదా అన్నారు."

మైలోకి సిగ్గేసింది, అంతకు మించి హాయిగా అనిపించింది.

"మూడేళ్లుగా నోటికొచ్చినట్టు తిట్టానండీ. ఒక్కసారి చూపించండి, క్షమించమని అడుగుతాను."

"మిమ్మల్ని గురించి కూడా ఒక మాటన్నారు. 'కౌన్సిల్లోంచి వాణ్ని దించేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మొండివాడే గానీ చెడ్డవాడు కాదు' అని."

"నన్ను ఎరిగున్నట్టే మాట్లాడాడే!"

డెలానీ నవ్వాపుకుంటూ ఒప్పందం కాగితం అతని ముందుకు జరిపింది.

"ఇక పేరు దాచాల్సిన పనిలేదన్నారు. చదువుకుని సంతకం పెట్టండి."

మైలో చివరి పేజీ తిప్పాడు, వాది సంతకం చోట వాళ్లమ్మ పేరుంది.