జానెడు తగ్గిన పట్టీ

"కత్తెర కింద పెట్టండి అత్తయ్యా! జానెడు పొట్టిగా కోసేస్తున్నారు!"

కోడలు అరిచేలోపే కత్తెర తన పని కానిచ్చేసింది. నల్లటి నైలాన్ పట్టీ ముక్క షెడ్డు నేల మీద పడింది. అత్తగారు దాన్ని కాలితో పక్కకి నెట్టేసి, కోసిన అంచు పోగులు లేవకుండా లైటర్ వెలిగించి కాల్చింది.

ట్రాలీ మీద చిన్న తెరచాప పడవ ఉంది. ఇద్దరే పడతారు. గాలి విసురుకి పడవ ఒరిగినప్పుడల్లా ఆ ఇద్దరూ అంచు మీద కూర్చుని, అడుగున బిగించిన పట్టీల కింద పాదాలు దూర్చి, నడుము నీళ్ళ మీదకి వాల్చి దాన్ని నిలబెట్టాలి. పోయిన ఆదివారం ముందు పట్టీ స్క్రూలతో సహా ఊడొచ్చింది. దాన్నే నమ్ముకున్న కోడలి మొగుడు వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. గట్టు మీద జనం పడీ పడీ నవ్వారు. రేపు పొద్దున్నే చివరి పందెం. అందులో మొదటి మూడు పడవల్లో లేకపోతే కోడలు ఆరు నెలలుగా పడ్డ పాట్లన్నీ నీళ్ళపాలే.

"ఆయనవి పొడుగు కాళ్ళు. ఇంత పొట్టి పట్టీ అయితే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి."

"తగలవు."

"ఒక్కసారి ఆయన్ని పిలిచి కొలత చూద్దాం."

"వాడెందుకు? కన్నదాన్ని, వాడి కాలెంతో నాకు తెలీదా?"

ముప్పై ఏళ్ళు కారు సీట్లు కుట్టిన చెయ్యి అది. వెనక పట్టీ కోసం కోడల్ని మూడుసార్లు కూర్చోబెట్టి, వాల్చి, సుద్దతో గీత గీసి మరీ కొలిచింది. కన్నకొడుకు దగ్గరికొచ్చేసరికి గాల్లో లెక్క! కోడలికి ఒళ్ళు మండింది. కొడుకు మళ్ళీ పడవెక్కడం ఇష్టం లేకే ఈ తిరకాసు పెడుతోందేమోనని అనుమానం కూడా వచ్చింది.

"పోనీ, చివర తాడు కట్టి ముడి వేద్దాం. కావాలంటే వదులు చేసుకోవచ్చు."

"ముడి జారుతుంది. నా కుట్టు జారదు."

"నీళ్ళ మీద సంగతి వేరత్తయ్యా. మీకు తెలీదు."

"వాడికి ఈత నేర్పిందెవరనుకున్నావు? పక్కింటావిడా?"

కుట్టుమిషన్ గడగడలాడింది. ఆవిడ పట్టీ చివర్లు మడిచి, నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు వరసలు వేసింది. ఎర్రగా కాల్చిన మేకుతో బోల్టులు దూరేలా పట్టీకి చిల్లులు పొడిచింది. ఊడిపోయిన పాత స్క్రూల్ని అరచేతిలో పోసుకుని ఎగాదిగా చూసింది.

"ఇవి గోడకి ఫొటో తగిలించుకోడానికి పనికొస్తాయి. మనిషిని వేలాడదీయడానికి కాదు."

వాటిని డబ్బాలో పారేసి, పడవ అడుగులోంచి అవతలికి వచ్చేలా బోల్టులు దింపింది. కింద రూపాయి బిళ్ళంత వాషర్లు వేసి, ఇక తిరగనని స్పానర్ మొరాయించేదాకా నట్లు బిగించింది.

"ముందు కూర్చునేవాడికి పనేముంటుంది?" అని అడిగింది, చెమట తుడుచుకుంటూ.

"నేను లాగమంటే తాడు లాగాలి. వాలమంటే వాలాలి. అంతే. ఆయన ఆ మాత్రం మాట కూడా వినరు!"

"రేపు గాలెలా ఉంటుందట?"

"గట్టిగానే ఉంటుందట. నా భయమంతా అదే. ఆయన అరవై కిలోలు. ఆ గాలికి ఆ బరువు ఏ మూలకి?"

"ఎంతుండాలేం?"

"డెబ్భై అయిదన్నా ఉండాలి. ఇప్పటికిప్పుడు పదిహేను కిలోలు నేనెక్కడినుంచి తేను?"

అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "అటు అంచు గట్టిగా పట్టుకో" అంటూ పడవెక్కేసింది. ముందు పట్టీ కింద పాదాలు దూర్చి, జుట్టు నేలకి తగిలేదాకా వెనక్కి వాలింది. కోడలి చేతుల్లోని అంచు ఒక్కసారిగా పైకి లేచింది. ఆమె ఒళ్ళంతా బరువేసి వేలాడితేగానీ అది ఆగలేదు.

"చాలత్తయ్యా, నడుం పట్టేస్తుంది!"

"పట్టీ పట్టిందా లేదా, అది చెప్పు ముందు."

పట్టింది. బోల్టు కిర్రుమనలేదు, కుట్టు కదల్లేదు. ఎంత కోపంగా ఉన్నా కోడలు ఆ మాట ఒప్పుకోక తప్పలేదు.

పొద్దున గట్టు మీద జెండాలు చిరిగిపోతాయేమోనన్నట్టు కొట్టుకుంటున్నాయి. కోడలు పడవని మోకాలి లోతు నీళ్ళలోకి దింపి, తెరచాప ఎత్తి, చుక్కాని పట్టుకుని వెనక కూర్చుంది. చూస్తే మొగుడు ఇంకా ఒడ్డునే ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో వాళ్ళమ్మ కళ్ళజోడు, రెండో చేతిలో వాళ్ళమ్మ చెప్పులు.

"అలా బొమ్మలా నిలబడ్డారేం? ఎక్కండి, అయిదు నిమిషాలే ఉంది!"

"నేనెక్కితే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయన్నావటగా? నిన్న సాయంత్రమే వెళ్ళి పందెం కాగితంలో నా పేరు కొట్టేయించి వేరే పేరు రాయించాను. పందెం పెట్టేవాళ్ళూ సరేనన్నారు."

"మరి ముందు ఎవరు కూర్చుంటారు?"

మాట పూర్తికాకముందే పడవ ముందు భాగం ఒక్కసారిగా కిందికి దిగింది. కోడలు గిరుక్కున తిరిగింది. లైఫ్ జాకెట్టు జిప్పు గడ్డందాకా లాక్కుని, జానెడు తగ్గిన పట్టీ కింద పాదాలు కుదురుగా దూర్చుకుని, అత్తగారు తాడు అందుకుంటోంది.

"నువ్వడిగింది డెబ్భై అయిదు కదే," అంది ఆవిడ, "పైన మూడు కొసరు!"