లోపలికి రానివ్వాలా?

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు.

టైలర్ ఇంటి ముందుగదిలో ఒక పక్క కుట్టుమిషను, ఇంకో పక్క కొడుకు కంప్యూటర్ ఉండేవి.

కొడుకు వరదలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు.

"వాడు లేడు" అన్నాడు టైలర్ ఒకసారి.

"దొరకలేదు అనండి" అంది భార్య.

ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం టైలర్ పాత చొక్కాకి కాలరు తిప్పి కుడుతూ తలెత్తాడు.

కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు కదులుతోంది. కుర్చీలో ఉన్న భార్య రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఎవరే దాన్ని కదుపుతున్నది?"

"మీ పని మీరు చూసుకోండి."

బాణం కొడుకు ఫోటోల దగ్గరికి వెళ్ళింది. ఒకటి తెరిచింది. వాడి ముఖం తెరంతా నిండింది. బాణం నుదుటి మీంచి గడ్డం దాకా మెల్లగా దిగింది, తడిమినట్టు.

మిషను సూది టైలర్ వేలి పక్కనే దిగింది.

మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే. ఆ వేళకి భార్య తల దువ్వుకుని వచ్చి కూచునేది. ఏదో టైపు చేసేది. అవతల నుంచి అక్షరాలు వాటంతటవే వచ్చి పడేవి. టైలర్ దగ్గరికి వస్తే చెరిపేసేది.

అతనికి తిండి సయించలేదు. కొడుకు ఎలాగూ పోయాడు, ఇక ఈవిడ మతి కూడా పోతుందని భయం పట్టుకుంది. అల్లుడికి కబురు చేశాడు.

అల్లుడు పార్శిల్ ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు. అత్తగారు బజారుకు వెళ్ళిన సమయం చూసి వచ్చాడు.

"దయ్యం కాదు మామయ్యా, దొంగ. ఎవడో లోపల దూరాడు."

"దీంట్లో గోడ ఉందన్నావు కదయ్యా. ఫైర్‌వాలో ఏదో."

"ఉంది. బాగానే పనిచేస్తోంది."

"ఏడిచినట్టుంది. షాపువాడు ఇంకోటి కొనుక్కోమన్నాడు."

"షాపువాడు కొనొద్దంటాడా? ఇంట్లో వాడుకునేదానికి ఇది చాలు. మీరు కోటు కుడితే లైనింగు మీరే వేసిస్తారా, బయట కొనుక్కోమంటారా?"

"నేనే వేస్తాను."

"ఇదీ అంతే, కంప్యూటర్‌తోపాటే వచ్చింది. కానీ బొత్తాలు పెట్టుకోకపోతే లైనింగు ఏం చేస్తుంది? ఎవరో బయటి నుంచి వస్తామంటున్నారు, లోపలికి రానివ్వాలా అని ఇది అడిగింది. అత్తయ్య రానివ్వమని నొక్కారు. ఇదిగో, దీన్నీ రానిచ్చారు. దీన్నీ. సత్రం నడిపినట్టు నడిపారు!"

టైలర్ నవ్వలేదు.

"ఏం పట్టుకుపోయాడు?"

అల్లుడు వెతికి చూశాడు. "బావమరిది ఫోటోలు. ముఖం బాగా కనబడేవన్నీ."

"వాడికెందుకవి?"

"పోయినవాళ్ళ ముఖాలు పెట్టుకుని ఏ మోసమైనా చేస్తారు మామయ్యా."

"మూసేయ్."

"మీరే మూయండి, అత్తయ్య చేతిలో తిట్లు నాకెందుకు? ఈ టిక్కు తీసేస్తే మూసినట్టు. మళ్ళీ పెడితే తెరిచినట్టు."

టైలరే తీశాడు.

ఆ మధ్యాహ్నం భార్య కుర్చీలో కూచుంది. బాణం కదల్లేదు. ఆమె ఏదో టైపు చేసింది. చూసింది. మళ్ళీ చేసింది. ఎండ కిటికీ దాటి పోయినా లేవలేదు.

సాయంత్రం టైలర్ చెప్పేశాడు. "వాడిక రాడు. నేనే మూసేశాను. వాడు దొంగే."

"తెలుసు."

"మన వాడు కాదే!"

"అదీ తెలుసు. కన్నదాన్ని, ఆమాత్రం పోల్చుకోలేనా?"

"మరి అడిగినవాళ్ళందర్నీ ఎందుకు రానిచ్చావు?"

"వచ్చేది వాడేనేమో, ఎవరికి తెలుసు? నా చేత్తో నేను వద్దని ఎలా నొక్కను?"

మిగతాది ఆమే చెప్పింది.

"నీకేం కావాలి నాయనా అని రాశాను. దొంగతనానికి వచ్చానన్నాడు. కనబడకుండా పోయిన మా వాడి ఫోటోలు తప్ప ఇక్కడేం లేవన్నాను. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూశాడు. తర్వాత, ఎలా పోయాడమ్మా అని అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పాను. ఫోటోలు ఇమ్మన్నాడు. ఎక్కడెక్కడి ఆస్పత్రుల కంప్యూటర్లలోకో దూరేవాడు. ఊరూ పేరూ చెప్పలేక పడున్నవాళ్ళ ముఖాలు తెచ్చి, ఇతనేనా అమ్మా అని రోజూ చూపించేవాడు. కాదు నాయనా అనేదాన్ని. నిన్న మాత్రం, ఒకతని ముఖం చాలా కలుస్తోంది, రేపు తెస్తానన్నాడు."

టైలర్ చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"నాతో ఒక్క మాట అనొద్దుటే?"

"అంటే, వాడు లేడు అంటారు మీరు."

"టిక్కు మళ్ళీ పెడితే వస్తాడుగా?"

"రాడు. తలుపు మూసి కనబడితే పట్టుబడ్డాననుకుని పారిపోతానమ్మా, ఇక ఈ వైపుకి రానని ముందే చెప్పాడు."

టైలర్ కంప్యూటర్ వైపు చూశాడు. "ఏమీ ఆశించకుండా వాడెందుకే మన కోసం అంత తిరగడం?"

ఆమె చెప్పింది. విని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున టైలర్ మిషను మీద గుడ్డ తియ్యలేదు. కంప్యూటర్ ముందు కూచుని టిక్కు పెట్టాడు. బాణం ఉన్నచోటే ఉంది. అతను ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాడు: "బాబూ, తలుపు తీశాను, ఆ వరదలోనే పోయి ఇంకా దొరకని మీ అమ్మ ఫోటో మాకూ ఒకటి పంపు, నీతోపాటు మేమూ వెతుకుతాం."