ఊదే మిషన్ చెడిపోయిన రోజు

ఊదే మిషన్ చెడిపోయింది. కానిస్టేబుల్ కుప్పయ్య దేవుణ్ని పనిలో పెట్టాడు.

కాణిపాకం అడ్డరోడ్డు దగ్గర రెండు బారికేడ్లు, మధ్యలో ఒక్క బండి పట్టే సందు. సందులోకి వచ్చిన ప్రతి డ్రైవరూ కిందికి దిగాలి. కాణిపాకం వైపు తిరగాలి. చేతులు జోడించి, తాగలేదని వరసిద్ధి వినాయకుడి మీద ప్రమాణం చేయాలి. అదే పరీక్ష.

ఆ చుట్టుపక్కల ఆ దేవుడి మీద అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. పొద్దుటి నుంచి ముగ్గురు దొరికారు. మూడోవాడైతే ప్రమాణం మాట వినగానే బైకు తాళం తనే తీసి కుప్పయ్య చేతిలో పెట్టాడు.

"రాత్రిది సార్. ఇంకా దిగలే," అని వెళ్లి నీడలో కూర్చున్నాడు.

మిషన్ బాగున్నప్పుడు కూడా ఇంత నిజం బయటపడలేదని ఎస్సై రవిచంద్ర జీపులోంచే మెచ్చుకున్నాడు.

వరసలో గురప్ప టెంపో రెండోది. వెనక నిండా తోతాపురి మామిడికాయ, సొంత తోటది. ఈ ఏడే కొత్తగా ఒక గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతున్నాడు. వాళ్లిచ్చిన టోకెన్ మధ్యాహ్నం పన్నెండు దాకానే చెల్లుతుంది. దాటితే మళ్లీ టోకెన్ నాలుగు రోజులకు. అప్పటికి కాయ కుళ్లిపోతుంది. ఏడాది కష్టం దిబ్బలో పోసుకోవాలి.

పదిన్నరైంది. ముందర ఒక పాత స్కూటరు. దాని మీద యాభై దాటిన మనిషి.

"దిగప్పా. ఆ పక్కకు తిరుగు," అన్నాడు కుప్పయ్య.

ఆ మనిషి దిగాడు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించాడు. తిరగలేదు.

"ప్రమాణం చెయ్యను సార్. మిషన్ తెప్పించండి, ఊదతా."

"అంటే తాగినావు."

"తాగలే. అనుమానముంటే ఆస్పత్రికి తీసకపొండి, రక్తమిస్తా. దేవుణ్ని అడ్డం పెట్టి తనికీ చెయ్యమని ఏ చట్టంలో ఉండాదో సూపించండి."

కుప్పయ్య చట్టం జోలికి పోలేదు. స్కూటరు తాళం లాక్కున్నాడు. తాళం తీసే హక్కు మీకు లేదని ఆ మనిషి గొంతు పెంచకుండానే చెప్పాడు. ఆపిన కారణం కాగితం మీద రాసివ్వమన్నాడు. ఇచ్చేదాకా కదలనని సందు మధ్యలోనే నిలబడ్డాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి.

గురప్ప దిగి వెళ్లాడు. మొదట బతిమాలాడు. ఒక్క మాట అంటే నోరేం అరిగిపోదన్నాడు. ఎండలో కాయ ఉడికిపోతోందన్నాడు. ఆ మనిషి అన్నీ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"తాగకుంటే నీకేం భయమప్పా?" అని గురప్ప నిలదీశాడు.

"భయం కాదన్నా. నా మాట నమ్మనోడు, దేవుడి పేరు చెప్తే మాత్రం ఎందుకు నమ్మాల?"

గురప్పకు తిక్క రేగింది. నీతులు చెప్పేవాళ్లకు తోటలుండవనుకున్నాడు.

పదకొండైంది. కుప్పయ్య గురప్పను పక్కకు పిలిచాడు. మందు వాసన వస్తోందని ఒక్కరు సాక్ష్యం చెబితే చాలు, ఆ మనిషిని జీపులో ఆస్పత్రికి పంపించి దారి ఖాళీ చేయిస్తానన్నాడు.

ఆ మనిషి దగ్గర కొబ్బరినూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. అది గురప్పకు తెలుసు. పైగా దేవుడు కూతవేటు దూరంలో ఉన్నాడు.

గురప్ప ఆలోచించాడు. మెల్లగా తిరిగి, కాణిపాకానికి వీపు పెట్టి నిలబడ్డాడు. వీపు వెనకున్న దేవుడికి వినపడని మాటకు పాపం లేదని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు.

"వస్తాండాది సార్. గుప్పుమంటాండాది."

ఆ మనిషి గురప్ప నిలబడిన తీరు చూసి నవ్వాడు.

"అట్ల తిరిగి చెప్తే పాపం అంటదా అన్నా?"

వరసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. గురప్ప నేల చూశాడు.

 ఆ మనిషి స్కూటరును తనే పక్కకు తోసుకున్నాడు. జీపు ఎక్కుతూ కుప్పయ్యతో ఒక మాట అన్నాడు.

"ముందు ఆయన టెంపోను వదలండి సార్. కాయ వేడెక్కితే పనికిరాదు."

గురప్ప తన వంతు ప్రమాణం కాణిపాకం వైపు తిరిగే చేశాడు. తాగలేదన్నది నిజమే కదా.

పదకొండూ నలభైకి ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకెన్ మీద ముద్ర పడింది. గురప్ప ప్రాణం లేచొచ్చింది. హుషారుగా లోపలికి తోలాడు.

లోపల ముప్పై బండ్లు ఆగి ఉన్నాయి. కాటా మీద ఒక్కటీ లేదు.

పక్క ట్రాక్టరు రాఘవమ్మ అనే రైతుది. తూకం వేసే మనిషి రాలేదని ఆమె చెప్పింది.

"ఇంకెవరూ లేరా అక్కా?"

"ఎందుకు లేరూ. మేనేజరు ఇద్దర్ని పంపించినాడు. మేమే వద్దని ఎనక్కి తోలినాం. తూకంలో కొయ్యం అని దేవుడి ముందర ప్రమాణం చేసినోళ్లే ఇద్దరూ. చేసొచ్చి కోసినారు. ఈయన కాటా మీద మాత్రం పదైదేండ్లుగా ఒక్క కాయ తగ్గలే."

గురప్పకు సంతోషమేసింది. అలాంటి మనిషి కోసం ఒక పూట ఆగినా తప్పులేదన్నాడు. ఇన్నేళ్లు వేరే ఫ్యాక్టరీకి తోలి మోసపోయానని నొచ్చుకున్నాడు. రాఘవమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నీడన కాళ్లు చాపాడు.

రెండైంది. మూడైంది. టెంపో కింద రసం చుక్కలు చుక్కలుగా కారి మడుగు కట్టింది. ఈగలు చేరాయి.

గురప్ప లేచి కూర్చున్నాడు.

"యాడికి పోయినాడక్కా మీ ధర్మరాజు?"

రాఘవమ్మ కొంగుతో ఈగలు తోలుకుంటూ చెప్పింది.

"చిత్తూరు ఆస్పత్రిలో రక్తమిచ్చి కూర్చోనుండాడప్పా, ఈయన తాగినాడని అడ్డరోడ్డు కాడ ఎవడో టెంపోవాడు సాక్ష్యం చెప్పినాడంట."