ఐదో నంబరు కప్పు

“రిజిస్టరు గారూ, బయటికి!”

టేస్టర్ చేతిలోని చెంచాతోనే తలుపు చూపించాడు.

“నేనేం చేశానండీ?”

“ఐదో కప్పు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టారు. ఏ నంబరు ఎవరిదో తెలిసినవాళ్ళ మొహం చూస్తే నా నాలుక నా మాట వినదు.”

ఆమె మూతి ముడుచుకుని, రిజిస్టరుని గుండెలకి హత్తుకుని బయటికి నడిచింది. పెళ్ళై రెండు నెలలు, ఈ కాఫీ కంపెనీలో చేరి నెల. ఆఫీసులో వరసలొద్దు, గేటు దాటి లోపలికొస్తే ఎవరినైనా పని పేరుతోనే పిలవాలని మొగుడూ పెళ్ళాలిద్దరూ మొదటిరోజే ఒప్పందం చేసుకున్నారు. అతని నోట ఆ ‘గారు’ విన్నప్పుడల్లా ఆమెకి గిలిగింతలే. అతని ముక్కు కోసం పౌడరు డబ్బా మూత తీయడం కూడా మానేసింది. లోపల అతను కాఫీని జుర్రుమని లాగే చప్పుడు వరండాలోకి వినిపించి నవ్వొచ్చింది. ఇంట్లో అలా తాగితే అత్తయ్య ఊరుకుంటుందా!

బెంచీ మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మూడు గిన్నెల క్యారేజీ. ఒక్క మనిషి తిండికి ఎక్కువే. ఆయనది రెండెకరాల కాఫీ తోట. ఐదో నంబరు ఆయనదే.

“ఫలితాలు మధ్యాహ్నం కదా, రైతు గారూ! అప్పుడే వచ్చేశారేం?”

“ఇంట్లో కాలు నిలవలేదు, రిజిస్టరు గారూ,” అన్నాడాయన, ఆ పిలుపుని చప్పరిస్తూ.

కంపెనీ ఈ ఏడాది కొత్తగా చేర్చుకునేది ఒక్క తోటనే. చేరితే మూడేళ్ళపాటు ముందే చెప్పిన ధర. మధ్యలో దళారీ ఉండడు.

ఆమె పక్కనే కూర్చుంది. “ఇది నాలుగోసారి. ఈసారీ కాకపోతే?”

“మొక్కలు కొట్టేస్తాను. ఇక ఓపిక లేదు.”

ఆమె గొంతు తగ్గించింది. “లోపలికెళ్ళి ఒక్కసారి దగ్గనా? ఆయనకి అర్థమైపోతుంది.”

“దగ్గావంటే ఇక నాతో మాట్లాడొద్దు!”

ఆయన జేబులోంచి మడతలు నలిగిన మూడు ఉత్తరాలు తీశాడు. టేస్టర్ రాసినవి. టేస్టర్ రాసేది నంబరుకే. అది ఏ ఇంటికి చేరుతుందో అతనికి తెలియదు.

“ముప్పై ఏళ్ళు నా గింజలు కొన్నవాళ్ళు బాలేవని ధర తగ్గించి మోసుకెళ్ళారే గానీ, ఎందుకు బాలేవో చెప్పిన పాపాన పోలేదు. ఈయన చెప్పారు. మొదటేడు పచ్చికాయలు కలిశాయన్నారు, నిజమే. రెండో ఏడు గింజలు మరీ పులిశాయన్నారు, అదీ నిజమే. మూడో ఏడు పొగ వాసనట! పొయ్యి పక్కన ఆరబెట్టిన సంగతి మా గడపైనా దాటలేదు.”

“కోపం రాలేదా?”

“కోపమా! మూడోది చదివిన రోజే ఒక నిర్ణయానికొచ్చాను.”

“ఏమని?”

ఆయన ఉత్తరాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అది సరే, మీ టేస్టర్ గారు ఇంట్లో ఎలా ఉంటారు?”

“ఇంట్లోనూ ఇంతే. కూరలో ఉప్పెక్కువైతే మొహం మీదే చెప్తారు.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “చెప్పి, గిన్నె ఖాళీ చేస్తారు.”

పెద్దాయన క్యారేజీ గలగలలాడేలా నవ్వాడు.

తలుపు తెరుచుకుంది.

“ఐదు!” టేస్టర్ మొహం వెలిగిపోతోంది. “రెండో టేబుల్ దగ్గర రుచి చూసినవాళ్ళకీ అదే మొదటిది. ఎవరిదండీ ఆ తోట?”

ఆమె రిజిస్టరు తెరిచి అతని ముందు పట్టుకుంది. అతను పేరు చదివాడు. దాని కింద ఎర్ర సిరాతో ఉన్న మూడు పాత నంబర్లూ చదివాడు. తలెత్తి బెంచీ వైపు చూశాడు.

“మీరా! ఆ మూడు ఉత్తరాలూ మీకేనా?”

“నాకే. మీ పుణ్యమా అని తోట నిలబడింది.”

“అయ్యో, ఎంత కటువుగా రాశానో! మూడోది చదివి ఏం చేశారు? చింపి పారేశారా?”

పెద్దాయన లేచి, క్యారేజీ ఆమె చేతిలో పెట్టాడు.

“మీకు మా పిల్లనిచ్చాను, అల్లుడుగారూ.”