గోడలోకి వచ్చే డాక్టరమ్మ

పక్షవాతం వచ్చి ఇల్లు చేరినవాళ్ల దగ్గరికి డాక్టర్లు తెరలా వెలిగే గోడలోకి వచ్చి చూసిపోవడం అప్పటికి మామూలైపోయింది. అనకాపల్లిలో జస్వంత్ ఇంటికీ డాక్టర్ మేఘమాల రోజూ మధ్యాహ్నం అలాగే వచ్చేది. అతని భార్య లిఖిత పొయ్యి మీది పప్పు దించి, చేతులు తుడుచుకుని, పడిపోయిన అతని కుడిచేతిని డాక్టరమ్మ చెప్పినట్టల్లా ఎత్తి దించేది.

ఆ రోజు గోడ వెలిగేసరికి లిఖిత కుర్చీలోనే నిద్రపోతోంది. రాత్రంతా అతన్ని అటూ ఇటూ ఒత్తిగిలిస్తూనే ఉంది పాపం.

"లిఖిత గారూ!" అని పిలిచింది డాక్టరమ్మ. ఉలుకూ పలుకూ లేదు. "లేపండి సార్. తోడుమనిషి పలక్కపోతే గోడ ఊరుకోదు. చూసేవాళ్లు లేరని మిమ్మల్ని సంరక్షణ కేంద్రానికి పంపించేస్తుంది."

జస్వంత్‌కి ఆ కేంద్రమంటే భయం. అక్కడ గోడలే తప్ప మనుషులుండరని విన్నాడు. అయినా భార్యను లేపడానికి మనసొప్పలేదు. జబ్బుపడ్డాక అతనికి ఒక్కో మాటే వచ్చేది, అదీ ముక్కలుగా. ఉన్న ఓపికంతా నాలుక మీదికి కూడదీసుకున్నాడు.

"అలిసిపోయింది... పడుకోనీమ్మా."

డాక్టరమ్మ నిద్రపోతున్న లిఖిత వైపు చూసింది. పొద్దుట్నుంచీ ఎన్ని ఇళ్లు చూసిందో, ఆమె కళ్లూ ఎర్రబడి ఉన్నాయి.

"తోడుమనిషి పలికింది" అని గోడకు చెప్పి, గొంతు తగ్గించింది. "మాట బాగా వచ్చింది సార్. ఇవాళ్టికి ఇది చాలు."

ఆ ఇంటికిచ్చిన సమయం ఇంకా మిగిలే ఉంది. ఆమె వెళ్లిపోలేదు. అక్కడే, గోడలోనే, తల వాల్చి కళ్లు మూసుకుంది. జస్వంత్ ఇద్దరినీ చూస్తూ చప్పుడు చేయకుండా ఉండిపోయాడు.